పిల్లల ఊబకాయంపై పరిశోధన: డబ్బు దేనికి పెడితే మేలు?

పిల్లల్లో ఊబకాయాన్ని ఆపే పరిశోధనకు ఇచ్చే డబ్బును రెండు రకాలుగా వాడొచ్చు. బళ్ళలో కొత్త కార్యక్రమం పెట్టి ఫలితం చూడటం ఒకటి. ప్రభుత్వం తెచ్చిన పన్ను లాంటిది ఎంత పనిచేసిందో కొలవడం రెండోది. ఇంగ్లండ్‌లో ప్రజల సొమ్ముతో రెండూ చేశారు.

మొదటిదానికి ఉదాహరణ వెస్ట్ మిడ్‌లాండ్స్‌లోని 54 ప్రైమరీ స్కూళ్ళలో జరిగిన 'వేవ్స్' అనే అధ్యయనం. లాటరీ పద్ధతిలో బళ్ళను రెండుగా విడదీసి, ఒక వైపు పిల్లలకు రోజూ అదనంగా అరగంట ఆటపాటలు, తల్లిదండ్రులతో కలిసి వంట క్లాసులు, ఫుట్‌బాల్ క్లబ్‌తో ఆరు వారాల కార్యక్రమం పెట్టారు. 2018లో ఫలితాలొచ్చాయి: రెండు వైపులా బరువుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పద్ధతి పకడ్బందీగా ఉంది కాబట్టి ఈ జవాబును నమ్మొచ్చు. నాకైతే ఆశ్చర్యం వేయలేదు. అరగంట ఆడించాలంటే టీచరుకు సిలబస్ టెన్షన్. గేటు దాటితే పిల్లలకు మళ్ళీ అవే చిప్స్, అవే కూల్‌డ్రింకులు.

ఆ కూల్‌డ్రింకుల మీదే బ్రిటన్ 2016లో పన్ను ప్రకటించి, 2018 ఏప్రిల్‌లో అమలు చేసింది. మొదట్లో 100 మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములకు చేరితే లీటరుకు 18 పెన్నీలు, 8 గ్రాములకు చేరితే 24 వేశారు. కిటుకంతా ఈ మెట్లలోనే ఉంది. పన్ను కట్టే బదులు చక్కెర తగ్గించుకుంటే పోలా అనుకుని, గడువు రాకముందే చాలా కంపెనీలు 5 గ్రాముల లోపుకు దిగాయి. పిల్లాడికి ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు, సీసాలో సరుకే మారిపోయింది. కొలవడమూ తేలికే. అక్కడ బడిలో చేరిన ఏడాది ఒకసారి, 10-11 ఏళ్ళప్పుడు మరోసారి పిల్లల ఎత్తు, బరువు ఎప్పటినుంచో తీస్తున్నారు. కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఆ లెక్కలే తీసుకుని, పన్ను లేకపోతే ఉండేదానికన్నా 10-11 ఏళ్ళ ఆడపిల్లల్లో ఊబకాయం సుమారు 8 శాతం తక్కువగా ఉందని 2023లో తేల్చారు. మగపిల్లల్లో, చిన్న తరగతుల్లో మాత్రం ఆ మార్పు కనబడలేదు.

లోపం లేకపోలేదు. పోల్చి చూడటానికి పన్ను లేని ఇంకో ఇంగ్లండ్ లేదు. పాత ధోరణే సాగితే ఏమయ్యేదో లెక్కగట్టి చూడాలి, అంతే. పన్ను వల్లే తగ్గిందని ఒట్టేసి చెప్పలేం.

అయినా ఊబకాయమే లక్ష్యమైతే నా ఓటు రెండోదానికే. అలాగని బరువు తగ్గలేదనే వంకతో ఆటలకు డబ్బు ఆపడమూ తప్పే. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్‌లో 2012లో ఒక బడి మొదలుపెట్టిన 'డైలీ మైల్'లో రోజూ పావుగంట పరుగెత్తిన పిల్లలకు దమ్ము పెరిగిందని 2018 నాటి అధ్యయనం చెప్పింది. ఆ పద్దును ఫిట్‌నెస్ కిందే చూడాలి.

మన దగ్గర 2025లో సీబీఎస్‌ఈ, తినేవాటిలో, తాగేవాటిలో చక్కెర ఎంతుందో పిల్లలకు చూపే 'చక్కెర బోర్డులు' బళ్ళలో పెట్టమంది. అవి పనిచేస్తున్నాయో లేదో తేలాలంటే, బోర్డు పెట్టక ముందటి ఎత్తు, బరువుల లెక్కలు చేతిలో ఉండాలి. ఇక్కడ మొదటి రూపాయి ఏటా ప్రతి బడిలో ఆ లెక్కలు రాయించడానికే ఇవ్వాలంటాను.