35 సీసీ పెట్రోల్ బ్రష్ కట్టర్: కొన్నేళ్ళు వాడాక

శామీర్‌పేట దాటాక మాకు పది గుంటల స్థలం ఉంది. నాలుగు వానలు పడ్డాయంటే తుంగ, గరిక, వయ్యారిభామ మోకాళ్ళ దాకా లేస్తాయి. కూలీలు దొరక్క భుజానికి తగిలించుకుని గడ్డి కోసే ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్ కొన్నాం. ఇన్నేళ్ళలో ఇంజిన్ ఎప్పుడూ మొరాయించలేదు. సతాయించిందల్లా ట్యాంకులో నిలవున్న పెట్రోలే.

టూ స్ట్రోక్‌లా పెట్రోల్లో ఆయిల్ కొలిచి కలిపే పని లేదు. పొగా తక్కువే. బరువు మాత్రం గంట తిరిగేసరికి భుజానికి తెలుస్తుంది.

దీనికి పని ఉండేది వానాకాలంలోనే, మిగతా ఏడాదంతా షెడ్డులో పడి ఉంటుంది. ఒక జూన్‌లో బయటికి తీస్తే తాడు ఎంత లాగినా స్టార్టు కాలేదు. అమ్మినవాళ్ళు కార్బొరేటర్ (పెట్రోల్ని గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) మొత్తం మార్చాలన్నారు. నమ్మబుద్ధి కాక సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక పాత మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళాను. నా ఎదుటే విప్పాడు. లోపలి డయాఫ్రమ్ పలచటి పొర, మెత్తగా ఉండాలి. అది అట్టముక్కలా బిరుసెక్కిపోయింది. సన్నటి జాలీ నిండా పచ్చటి జిగురు. "ఇంజన్ మంచిగనే ఉంది సార్, పెట్రోలే ఖరాబైంది" అన్నాడు. డయాఫ్రమ్ కిట్, పెట్రోల్ పైపు మార్చి, క్లీనర్ కొట్టాడు. రెండోసారి లాగగానే అందుకుంది.

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్ళతో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతుంది. ఇంజిన్‌కు పోయే పైపు పీల్చేదీ అడుగు నుంచే. రోజూ తిరిగే బైకులో పెట్రోలు అంతకాలం నిలవ ఉండదు, కాబట్టి ఈ బాధ తెలియదు. సీజన్ అయిపోగానే ట్యాంకు వంపేసి, ఇంజిన్ దానంతట అది ఆగిపోయేదాకా నడిపి అప్పుడు మూల పెడుతున్నాను. మళ్ళీ ఆ గొడవ రాలేదు.

ఇంజిన్ ఆయిల్ సంగతి వేరు. ఇందులో పట్టేదే 100 మిల్లీలీటర్లు. అందులో కాస్త తగ్గినా ప్రమాదమే, హెచ్చరించే లైటూ లేదు. మెషిన్‌ని సమంగా పడుకోబెట్టి ప్రతిసారీ చూసుకోవాల్సిందే. ఎక్కువ పోశారో, తెల్లటి పొగ! కొత్తదానికి మొదటి పది గంటలకు, ఆపైన యాభై గంటలకోసారి 10డబ్ల్యూ-30 రకం ఆయిల్ మారిస్తే చాలు. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి సర్ఫు నీళ్ళలో ఉతికి, బాగా ఆరాకే పెట్టాలి. ప్లగ్ పెద్దగా పని చెప్పలేదు.

ఇంటి ముందు చిన్న లాన్‌కైతే ఇది దండగ, కరెంటు ట్రిమ్మర్ తీసుకోండి. కరెంటు లేని స్థలానికైతే కొనొచ్చు. డబ్బు కట్టే ముందు ఆ మోడల్‌కు డయాఫ్రమ్ కిట్ విడిగా దొరుకుతుందా అని రాణిగంజ్‌లో రెండు కొట్లలో అడిగి చూడండి. దొరకదంటే ఎంత చవకైనా వదిలేయండి.