మిస్ట్, రివెన్, ది విట్‌నెస్: ముందు ఏ దీవికి వెళ్లాలి?

2024 జూన్‌లో రివెన్ అనే పాత పజిల్ వీడియో గేమ్ కొత్త రూపంలో వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. "అన్నా, దీవి ఆటల్లో ఒక్కటే కొనాలంటే ఏది కొనమంటావ్? మిస్టా, రివెనా, ది విట్‌నెస్సా?" ఇన్నాళ్లూ అడిగిన మనిషిని బట్టి, ఆ రోజు నా మూడ్‌ని బట్టి ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. ఈ వేసవిలో మా అన్నయ్య కూతురు పదో తరగతి పరీక్షలు రాసేసి నెల రోజులు మా ఇంట్లో ఉంది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా ఆడాం. మౌసు తన చేతిలో, నోటు పుస్తకం నా చేతిలో. ఇప్పుడు నా జవాబు ఖాయమైంది.

గ్రాఫిక్స్ గురించి ఎక్కువ మాట్లాడను. మూడూ కళ్లకు పండగే. ధర గురించి కూడా మాట్లాడను, సేల్‌లో అన్నీ దిగొస్తాయి. నా దృష్టిలో అసలు తేడా ఒక్కచోటే ఉంది. ఇలాంటి ఆటల్లో తుపాకులు లేవు, తరిమే శత్రువులు లేరు. ఆడే సమయంలో సగం పాలు ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోయి ఉంటాం. ఏ తలుపూ తెరుచుకోదు, ఏ మీట లాగినా ఏమీ కాదు. ఆ ఇరుక్కుపోయిన గంటల్లో ఆట మనతో ఎలా ఉంటుందన్నదే నేను చూస్తాను. ఇరుక్కున్నప్పుడు కూడా మనసు ఆ దీవిలోనే తిరుగుతుంటే అది మంచి ఆట. చెయ్యి ఫోన్ మీదికి, వేళ్లు గైడు వెతకడానికి వెళ్లిపోతుంటే ఎక్కడో లోపం ఉన్నట్టే.

పెద్దదానితో మొదలుపెడతాను. మిస్ట్ 1993లో వచ్చింది. రాండ్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పెట్టుకున్న సయాన్ అనే చిన్న కంపెనీ దాన్ని తయారు చేసింది. మెకింటాష్ కంప్యూటర్‌లో హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ మీద, దాదాపు 2,500 నిశ్చల చిత్రాలను ఒకదాని వెనక ఒకటి పేర్చి దీవిని కట్టారు. నటులకు డబ్బు లేక పాత్రలు కూడా వాళ్లే వేసుకున్నారేమో అనిపిస్తుంది. తండ్రి ఆట్రస్‌గా, కొడుకు అకెనార్‌గా రాండ్, ఇంకో కొడుకు సిరస్‌గా రాబిన్. అలాంటి ఆట 2002లో ది సిమ్స్ అనే ఆట దాటేదాకా అత్యధికంగా అమ్ముడైన పీసీ గేమ్‌గా నిలిచింది. అప్పట్లో డబ్బాలో సీడీతో పాటు ఖాళీ పేజీల పుస్తకం ఒకటి ఇచ్చేవారు, రాసుకుంటూ ఆడమని. ఆ ఒక్క ఆలోచన చాలు, వాళ్ల మీద నాకు గౌరవం కలగడానికి.

మిస్ట్ దీవిలో అడుగుపెట్టిన మొదటి గంటకు సాటి లేదు. రేవులో మునిగిన ఓడ, గుట్ట మీద పెద్ద పెద్ద పళ్ల చక్రాలు, గడ్డి మీద పడి ఉన్న చిన్న ఉత్తరం, చీకటి లైబ్రరీలో కాలిపోయిన పుస్తకాలు. మనిషి అలికిడి లేదు. ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కానీ ఇరుక్కున్నప్పుడు? ఇక్కడే మిస్ట్ వయసు బయటపడుతుంది. దీవి నుంచి పుస్తకాల ద్వారా వేరే లోకాలకు వెళ్తాం. వాటిలో సెలెనిటిక్ అనే లోకంలో భూమి కింద పట్టాల మీద నడిచే బండి ఎక్కుతాం. ప్రతి మలుపులో ఒక శబ్దం వస్తుంది. ఎటు తిరగాలో ఆ శబ్దమే చెబుతుంది. అయితే ఏ శబ్దానికి ఏ దిక్కో తెలిసేది మరో లోకంలో, మరో యంత్రం దగ్గర. మేము ఆ లోకానికి ఇంకా వెళ్లలేదు. రెండు రాత్రులు ఆ సొరంగాల్లో గుడ్డిగా తిరిగాం. నోటు పుస్తకంలో రెండు పేజీల నిండా బాణం గుర్తులు పడ్డాయి, ఒక్కటీ అక్కరకు రాలేదు. మూడో రాత్రి పిల్ల "బాబాయ్, ఇందులో ఆలోచించడానికి ఏముంది? తిరగడమే కదా!" అంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. అసలు ప్రశ్న ఏమిటో తెలియకుండా ఇరుక్కుపోవడం మిస్ట్‌లో ఎక్కువ. దానికి తోడు, పుస్తకాల్లో చిక్కుకున్న ఆ ఇద్దరు కొడుకుల కోసం తేవాల్సిన పేజీల్లో ఒకసారికి ఒక్కటే మోసుకురానివ్వడం. ఎర్ర పేజీ, నీలం పేజీ రెండూ కావాలంటే అప్పటికే విప్పేసిన లోకానికే మళ్లీ వెళ్లి రావాలి.

మిస్ట్ కొనేవాళ్లు 2021లో పీసీకి వచ్చిన రూపం తీసుకోండి. స్వేచ్ఛగా నడవొచ్చు, పజిళ్ల జవాబులను మార్చి ఇచ్చే ఆప్షన్ కూడా ఉంది. అది ఆన్ చేస్తే నెట్‌లో దొరికే పాత జవాబులు పని చేయవు.

ది విట్‌నెస్ దీనికి పూర్తిగా ఎదురు కొస. 2016 జనవరిలో వచ్చింది. గేమ్ డిజైనర్ జొనాథన్ బ్లో బృందం ఏళ్ల తరబడి కూర్చుని చేసిన పని. దీవి నిండా పలకలు, అన్నీ కలిపితే 500 పైనే. ప్రతి పలక మీదా ఒక గుండ్రం దగ్గర మొదలుపెట్టి కొసదాకా గీత గీయాలి, అంతే. నియమం ఏమిటో ఒక్క మాటలో కూడా చెప్పరు. తేలిక పలకలు వరసగా పెట్టి, చేసుకుంటూ పోతే మనకే అర్థమయ్యేలా అమర్చారు. నేపథ్య సంగీతం కూడా లేదు. గాలి, మన అడుగుల చప్పుడు, నీళ్ల శబ్దం మాత్రమే.

ఒకచోట పండ్ల తోట ఉంది. ప్రతి చెట్టు ముందూ ఒక పలక, దాని మీద కొమ్మలు చీలినట్టు గీతలు. చెట్టుకు ఒకే ఒక్క ఆపిల్ ఉంటుంది. అది ఏ కొమ్మ కొసన ఉందో చూసుకుని పలక మీద ఆ దారిలో గీత గీయాలి. మూడు చెట్లు టకటకా అయిపోయాయి. తర్వాత ఒక చెట్టుకు పండే కనపడలేదు. పిల్ల చెట్టు చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేసింది, కింద కూర్చుని పైకి చూసింది. ఉన్నట్టుండి "బాబాయ్, కొమ్మ విరిగింది!" అని కేక పెట్టింది. నిజమే, గడ్డిలో విరిగిన కొమ్మ, దానికే ఆపిల్. ఇక అది ఎక్కడి నుంచి విరిగిందో చెట్టు మీద వెతకడమే మిగిలింది. ఆ క్షణంలో తన ముఖం చూసి, ఈ ఆట కొన్నందుకు డబ్బు గిట్టిందనుకున్నాను.

విట్‌నెస్‌లో ఇరుక్కోవడం హాయిగా ఉంటుంది. ఒక పలక లొంగకపోతే దాన్ని వదిలేసి దీవిలో ఇంకో మూలకు పోవచ్చు. చిత్తడి నేల, ఎడారి, కోట, అడవి, ఏదో ఒకటి తలుపు తెరుచుకునే ఉంటుంది. ముఖ్యంగా, ఎక్కడ ఇరుక్కున్నామో మనకు స్పష్టంగా తెలుసు. నేను అనుకున్న నియమం నాలుగు పలకల దాకా నిలబడి అయిదోదాని దగ్గర కూలిపోతుంది. అంటే మొదటి నుంచీ నేను తప్పు అర్థం చేసుకున్నానన్నమాట. వెనక్కి వెళ్లి ఆ నాలుగూ మళ్లీ చూస్తే అసలు నియమం అక్కడే, మన కళ్లెదుటే ఉంటుంది. ఇంత నిజాయితీగా పాఠం చెప్పే ఆట నేను ఇంకొకటి చూడలేదు.

అయినా నా మొదటి ఎంపిక ఇది కాదు. ఎందుకో చెప్పాలి. నోటు పుస్తకంలో విట్‌నెస్ పేజీలు తిరగేస్తే గడులు, గీతలు, చుక్కలు తప్ప ఇంకేమీ లేవు. ఆ దీవిలో మనుషులు రాతిబొమ్మలై నిలబడి ఉంటారు. అక్కడక్కడ దొరికే రికార్డింగుల్లో శాస్త్రవేత్తలు, చింతనాపరులు, ఒక వ్యోమగామి చెప్పిన మాటలు వినిపిస్తాయి. బాగుంటాయి కానీ ఆ దీవికీ వాటికీ సంబంధం మనమే కలుపుకోవాలి. పలక విప్పితే కరెంటు వైరు వెలిగి పక్క పలకకు వెళుతుంది. పక్క పలక విప్పితే ఆ పక్కది. మెదడుకు తిండి దొరుకుతుంది, మనసు మాత్రం ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

ఇప్పుడు రివెన్. మిస్ట్ అయిపోయిన చోటే కథ మొదలవుతుంది. 1997లో అదే సయాన్ నుంచి, మిల్లర్ సోదరులతో పాటు రిచర్డ్ వాండర్ వెండే రూపకల్పనలో వచ్చింది. నేను కాలేజీ రోజుల్లో అయిదు సీడీలు మార్చుకుంటూ ఆడాను. దీవి మారితే సీడీ మార్చాలి. ఈసారి కూడా ముందు ఆ పాతదే ఆడించాను.

ఒక బడి ఉంది అందులో. చిన్న గది, పిల్లల కోసం వేసిన బల్లలు. అక్కడొక లెక్కల బొమ్మ ఉంటుంది. దాన్ని కదిపితే ఒక అంకె గుర్తు కనపడుతుంది, తాడుకు వేలాడే చిన్న మనిషి బొమ్మ టిక్కు టిక్కుమంటూ అన్ని మెట్లు కిందికి దిగుతుంది. అడుగున నోరు తెరుచుకున్న పెద్ద చేప లాంటి జంతువు. మెట్లు అయిపోతే అది మనిషిని నోట కరుచుకుంటుంది. మా పిల్ల మొదట నవ్వింది. ఆటబొమ్మే కదా అని అంకెలు రాసుకుంది. ఒకటి నుంచి మొదలుపెట్టి, ఏ గుర్తుకు ఎన్ని టిక్కులో నేను పుస్తకంలో వేశాను. అయిదు దాటాక ఆ గుర్తుల్లో ఏదో బంధుత్వం ఉందని ఇద్దరికీ అనుమానం వచ్చింది. మా అమ్మమ్మ వామనగుంటల్లో చింతగింజల్ని పుంజీల లెక్కన తీసేది, నాలుగు చేరితే ఒక పుంజీ. రివెన్ వాళ్లకూ అలాగే ఒక గుంపు లెక్క ఉంది. ఎన్నింటికి గుంపు, గుర్తు ఎలా మారుతుంది అన్నది మీరే కనిపెట్టండి, ఆ ఆనందం మీ నుంచి నేను లాక్కోను.

మర్నాడు ఊరి దగ్గర నీటి మీద నిజంగానే ఒక ఉరికంబం కనపడింది. కింద సముద్రం. బడిలో బొమ్మ గుర్తొచ్చి పిల్ల మౌసు మీద చెయ్యి తీసేసింది. "అంటే, మనుషుల్ని దీనికి వేసేవాళ్లా? దాన్నే పిల్లలకు లెక్కలు నేర్పడానికి పెట్టారా?" అవును. గెన్ అనేవాడు తానే దేవుణ్నని ఈ జనాన్ని నమ్మించాడు. వాడి అంకెలను, వాడి భయాన్ని ఆ బడిలో ఒకే బొమ్మతో నేర్పారు. మేము నేర్చుకున్న లెక్క కూడా వాడిదే. ఎదురు తిరిగినవాళ్లు ఎక్కడో దాక్కుని, ఆ దీవుల్లో తమవాళ్ల కోసం తమ గుర్తులు వదిలి ఉంచారు.

అందుకే రివెన్‌లో ఇరుక్కోవడం వేరు. తిరిగేటప్పుడు చెక్క బంతులు దొరుకుతాయి. తిప్పితే వెనక ఒక అంకె గుర్తు, దాంతో పాటు ఒక జంతువు అరుపు. ఒడ్డున బండల మీద ఎండ కాచుకునే జంతువులు మనం దగ్గరికి వెళితే నీళ్లలోకి దూకేస్తాయి. మూడు రోజులు ఏ తలుపూ తెరుచుకోలేదు. కానీ ఆ మూడు రోజులూ మేము ఖాళీగా లేము. అన్నం తింటూ ఆ అరుపు ఏ జంతువుదని వాదించుకున్నాం. వీళ్లు ఆ చేప లాంటి జంతువుకు ఎందుకు దండం పెడతారని మాట్లాడుకున్నాం. తలుపు తెరిచేందుకు కావలసింది ఒట్టి అంకెలే కాదు, ఆ జనం లోకాన్ని ఎలా చూస్తారన్నది కూడా. అది అర్థమైన రోజున మేము చేయాల్సిన పని ఎదురుగా కనపడింది. నాకు తెలిసి ఏ ఆటలోనూ పజిలూ కథా ఇంత విడదీయలేనంతగా కలిసిపోలేదు.

కష్టం అంటారా, కష్టమే. ప్రశ్న ఒక దీవిలో, జవాబు ముక్కలై మిగతా దీవుల్లో ఉంటుంది. ఓపిక లేని రోజుల్లో ముట్టుకోవద్దు. 2024 రూపంలో స్వేచ్ఛగా నడవొచ్చు, కొన్ని పజిళ్లు మార్చారు, కళ్లకు పెట్టుకునే వీఆర్ హెడ్‌సెట్‌తోనూ ఆడొచ్చు. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లు 1997 నాటిదే కొనుక్కోండి, ఏ లోటూ ఉండదు.

మిగతావాటి గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. క్వెర్న్ అనే ఆట మిస్ట్ అభిమానులకు తర్వాతి మెట్టుగా బాగుంటుంది. కాల్ ఆఫ్ ది సీ 1934లో దక్షిణ పసిఫిక్ దీవిలో భర్తను వెతుక్కుంటూ వెళ్లే నోరా కథ. తేలిక, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది.

భాష సంగతి కూడా చూసుకోండి. మిస్ట్, రివెన్‌లలో ఇంగ్లిష్ డైరీలు చాలా చదవాలి, అదీ చేతిరాతలో. ఇంగ్లిష్ చదవడం ఇబ్బందిగా ఉండేవాళ్లకు, చిన్న పిల్లలతో కూర్చుని ఆడేవాళ్లకు ది విట్‌నెస్ కొనమనే చెబుతాను. ఏ భాషా రాకపోయినా పలకలన్నీ విప్పొచ్చు. రంగులు పోల్చుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకూ, వినికిడి తక్కువున్నవాళ్లకూ మాత్రం కొన్ని పలకలు పట్టుబడవు. రోజుకు అరగంటే తీరిక దొరికేవాళ్లకు కూడా అదే నయం. రివెన్ అరగంటలకు లొంగదు.

మిగిలిన అందరికీ నా మాట రివెన్. ముందు మిస్ట్ ఆడాలా అంటే, ఆడితే ఆట్రస్ ఎవరో తెలుస్తుంది, రివెన్‌లో అడుగుపెట్టేటప్పుడు ఆ పరిచయం ఉపయోగపడుతుంది. ఆ సొరంగం బండి దగ్గర మాత్రం పంతానికి పోకండి, మెకానికల్ లోకం చూసి వచ్చాకే ఎక్కండి. మిస్ట్‌కి టైమ్ లేదంటే నేరుగా రివెన్‌కే వెళ్లండి. దగ్గర గీతల్లేని నోటు పుస్తకం పెట్టుకోండి. అంకెలే కాదు, కనిపించిన ప్రతి బొమ్మా వేసుకోండి, విన్న ప్రతి అరుపూ ఎలా ఉందో మీ మాటల్లో రాసుకోండి.

పిల్ల జూన్‌లో ఊరెళ్లిపోయింది. నోటు పుస్తకం కూడా పట్టుకెళ్లింది. ఇప్పుడు వాళ్లింట్లో కొత్త రివెన్ ఒక్కతే ఆడుతోంది. రాత్రి పదింటికి పేజీల ఫొటోలు పంపుతుంది, కింద ప్రతిసారీ ఒకే మాట: "చెప్పకు బాబాయ్, చూడు చాలు."