వేట మకాం: వాగు ఒడ్డున, కొండ నడుమున, పొయ్యి గుడారంలో

చలికాలపు వేటకు బయలుదేరేవాళ్లు రైఫిల్ గురించి, తూటా బరువు గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. రాత్రి ఎక్కడ పడుకోవాలన్న ఆలోచన మాత్రం పొద్దు వాలాకే వస్తుంది. నా దృష్టిలో ఈ వరుస తిరగబడాలి. ఈసారి దుప్పి వేటలో మేము వాగు పక్క లోయలోనూ, కొండ నడుమున ఉన్న చదును నేల మీదా, ఒక గైడు సంస్థ వేసి ఇచ్చిన గుడారంలోనూ మకాం పెట్టాం. చలి ఒకటే, అడవి ఒకటే అయినా ఈ రాత్రులకు ఒకదానితో ఒకదానికి పోలికే లేదు.

వాగు ఒడ్డు చూడగానే మనసు లాగేస్తుంది. నేల చదునుగా ఉంటుంది, నీళ్లు చేతికందుతాయి, గాలి ఉండదు, బండి ఆపిన చోటు దగ్గర. అందుకే అక్కడ ముందే నాలుగు టెంట్లు వెలిసి ఉంటాయి. అయితే చల్లగాలి వెచ్చటి గాలికంటే బరువైనది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి అది కొండవాలు మీదుగా జారి లోయ అడుగున మడుగు కడుతుంది. కాస్త పైకెక్కితే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉన్న సంగతి మాకు మర్నాడు వేటకు నడుస్తున్నప్పుడే ఒంటికి తెలిసింది. దానికి వాగు తేమ తోడైంది. తెల్లవారుజామున తలదీపం వెలిగించి చూస్తే టెంట్ లోపలి గుడ్డంతా తెల్లటి మంచుపొర. ఎవరైనా కదిలి భుజం తగిలితే చాలు, అది పొడిగా రాలి మెడలోకి జారేది. ఎండ తగలగానే ఆ పొరంతా కరిగి స్లీపింగ్ బ్యాగుల మీద చుక్కలు చుక్కలుగా పడింది. ఈకల నూగు నింపిన బ్యాగు తడిస్తే ముద్దకట్టి వెచ్చదనం పోగొట్టుకుంటుంది, మర్నాటి రాత్రికి అదే బ్యాగులో దూరాలి. టెంట్ తలుపు ముందుండే బయటి అరలో వదిలిన బూట్ల లేసులు తీగల్లా బిగుసుకుపోయాయి. వాటిని వంచి కాలు దూర్చేలోపే వేళ్లు తిమ్మిరెక్కాయి.

వేట లెక్కలో చూసినా లోయ మకాం నష్టమే. సాయంత్రం గాలి పల్లానికి దిగుతుంది కాబట్టి మన వంట వాసన, పొగ, ఒంటి వాసన అన్నీ దుప్పులు నీళ్లకు వచ్చే దారి పొడవునా పరుచుకుంటాయి. మకాం కోసం నేను లోయను ఇక ఎంచుకోను.

కొండ నడుము వేరే సంగతి. అక్కడికి సామాను మోయాలి, నీళ్లూ మోయాలి. ఆ కష్టానికి ఫలితం మొదటి రాత్రే దక్కింది. తూర్పు ముఖంగా ఉన్న చదును కావడంతో పొద్దున్నే ఎండ తగిలింది, టెంట్ తొందరగా ఆరింది. శిఖరం దాకా మాత్రం వెళ్లకూడదు, అక్కడ గాలి ఒంట్లోని వేడిని తోడేస్తుంది. చోటు ఎంచుకునేటప్పుడు నేలకంటే ముందు తలెత్తి చూడాలి. ఎండిపోయిన చెట్టు, విరిగి వేలాడుతున్న కొమ్మ, మంచు బరువుతో వంగిన మాను కనిపిస్తే ఎంత మంచి చదును అయినా వదిలేయాల్సిందే. నిటారు మంచువాలు కింద కూడా వద్దు. మంచును పాదాలతో తొక్కి, కాసేపు గట్టిపడనిచ్చి ఆ తర్వాతే టెంట్ వేయాలి. లేకపోతే రాత్రి ఒంటి వేడికి కింద గుంతలు పడతాయి. మామూలు మేకులు మెత్తటి మంచులో నిలవవు. కర్రముక్కకు తాడు కట్టి అడ్డంగా పాతిపెట్టి మంచు తొక్కేస్తే గాలికి కదలదు.

వెచ్చదనం విషయంలో చాలామంది కప్పుకునే దాని మీదే డబ్బు పోస్తారు. వేడిని ముందుగా లాగేసేది కింది నేల. స్లీపింగ్ బ్యాగులో మన బరువు పడినచోట నింపినదంతా అణిగిపోతుంది కాబట్టి అడుగున అది పనిచేయదు. మ్యాట్ ఎంత చలి ఆపుతుందో చెప్పే ఆర్ విలువ గడ్డకట్టే చలికి 5 దాటి ఉండటం మంచిది. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ విలువలు కలుస్తాయి. మేము అడుగున స్పాంజి మ్యాట్, దాని పైన గాలి నింపే మ్యాట్ వేసుకున్నాం. గాలి మ్యాట్‌కు చిల్లు పడినా రాత్రి గడిచిపోతుందన్న ధీమా ఉంటుంది. స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు బ్యాగు ఎంత చలికి సరిపోతుందో కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23537 కింద ఇచ్చే అంకెల్లో కంఫర్ట్ అన్నదాన్నే నమ్మాలి. ఎక్స్‌ట్రీమ్ అంకె ప్రాణం నిలవడానికి సంబంధించినది, నిద్రపట్టడానికి కాదు.

పగలు చెమట పట్టిన బట్టలతో పడుకోవడం చలిని పక్కలోకి పిలవడమే. పడుకోవడానికి ఒక జత ఉన్ని లోదుస్తులు, పొడి మేజోళ్లు విడిగా ఉంచుకుని వాటిని పగలు ముట్టుకోకూడదు. నూలు బట్ట తడిస్తే ఆరదు, అసలు తీసుకెళ్లొద్దు. మూత గట్టిగా బిగించిన సీసాలో వేడినీళ్లు పోసి తొడల మధ్య పెట్టుకుంటే అర్ధరాత్రి దాటేదాకా వెచ్చగా ఉంటుంది. పడుకోబోయే ముందు కొవ్వు ఉన్న తిండి నాలుగు ముద్దలు తినాలి. మూత్రం వస్తే బద్ధకించకుండా లేవాలి, బిగబట్టుకుంటే నిద్రా పట్టదు, చలీ తగ్గదు. ముక్కు, నోరు బ్యాగు బయటే ఉంచాలి. ఊపిరి తేమ లోపల చేరితే తెల్లారేసరికి బ్యాగు చెమ్మగిల్లుతుంది. టెంట్ గాలిరంధ్రాలు ఎంత చలిగా ఉన్నా మూయకూడదు, వాటి మీద పడ్డ మంచును రాత్రి లేచి దులపాలి.

వంట గ్యాసు కూడా చలికి మొండికేస్తుంది. మామూలు బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తాయి. ప్రొపేన్ కలిసిన సిలిండరును రాత్రి బ్యాగులో పెట్టుకుని పడుకుంటే పొద్దున మంట బాగా వస్తుంది.

ఇక గైడు సంస్థ గుడారం. మందపాటి కాన్వాస్ గుడ్డ, లోపల కట్టెల పొయ్యి, కప్పు దాటి పైకి పోయే పొగగొట్టం. తడిసిన చేతితొడుగులు తాడుకు వేలాడదీస్తే గంటలో ఆరిపోయేవి, నిలబడి బట్టలు మార్చుకోగలిగేవాళ్లం. కొండ నడుమున ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా దక్కని సుఖం అది. అయితే మాకు ఇచ్చిన గుడారంలో పైగాలి కంతను వేడి పోకుండా ఎవరో గట్టిగా కట్టేశారు, కట్టెలు పచ్చివి, గొట్టం అతుకు వదులుగా ఉంది. పొయ్యి సరిగా మండనప్పుడు పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం ఆ సంస్థ ఇవ్వలేదు. మా సంచిలో ఒకటి ఉంది. అర్ధరాత్రి దాటాక అది చెవులు చిల్లులుపడేలా మోగింది. తలుపు తెరిచి అందరం మంచులోకి వచ్చేశాం. మాలో ఒకరికి అప్పటికే తలనొప్పి, వికారం మొదలయ్యాయి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసే దారి లేదు. మర్నాడు ఫిర్యాదు చేస్తే ఆ సంస్థ మనిషి వచ్చి గొట్టం బిగించి, ఎండు కట్టెలు దింపి వెళ్లాడు. ఆ పని మేము రాకముందే జరగాల్సింది. ఇంకో మాట: పొయ్యి తెల్లవారుజాముకు ఎలాగూ ఆరిపోతుంది, కాబట్టి అది లేకపోయినా సరిపోయే పరుపు, బ్యాగు ఉండాల్సిందే. నిప్పుల కుంపటి, గ్యాసు హీటరు పెట్టుకుని మాత్రం టెంట్‌లో నిద్రపోవద్దు.

వెచ్చని గుడారంతో రైఫిల్‌కూ ఒక చిక్కు ఉంది. బయటి చలి నుంచి లోపలికి తెస్తే ఇనుము మీద తేమ పడుతుంది, మళ్లీ చలిలోకి తీసుకెళ్తే అదే గడ్డకట్టి లోపలి కదలికలు బిగుసుకుంటాయి. తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలో బయటి చల్లని అరలోనే ఉంచడం మేలు. వేటాడిన మాంసం మకాం దగ్గర వేలాడదీయకూడదు, ఎలుగుబంట్లు తిరిగే అడవిలో వంద మీటర్ల అవతలే ఉండాలి. కట్టెలకు, నీళ్లకు వెళ్లినా మిగతా వేటగాళ్లకు దూరం నుంచే కనిపించే నారింజరంగు చొక్కా తీయొద్దు, అడవిలో మనమొక్కరమే తుపాకీతో లేము.

ఒక సాయంత్రం మాలో ఒకాయన చెమటతో తడిసి తిరిగొచ్చాడు. చొక్కా గుండీ పట్టుకున్నాడు గానీ రంధ్రంలోకి దూర్చలేకపోయాడు, అడిగిన దానికి తడబడుతూ జవాబు చెప్పాడు. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే వచ్చే గుర్తులవి. తడి బట్టలు మార్పించి, బ్యాగులో పెట్టి, తీయటి వేడి పానీయం తాగించాం, అరగంటలో తేరుకున్నాడు. వణుకు ఉన్నంతసేపు శరీరం పోరాడుతోందని లెక్క. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే ప్రాణాపాయం, వెంటనే సాయం పిలవాలి. అలాంటప్పుడు మద్యం ఇవ్వకూడదు, చర్మం దగ్గర రక్తనాళాలు తెరుచుకుని ఉన్న వేడీ పోతుంది. కొండల్లో ఫోను సిగ్నలు ఉండదు కాబట్టి ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం జేబులో ఉండాలి, సంచిలో కాదు.

ఇద్దరు ముగ్గురు, ఓపిక ఉన్నవాళ్లయితే నేను కొండ నడుమే ఎంచుకోమంటాను. వయసు పైబడినవాళ్లు, ఎక్కువ రోజులు ఉండేవాళ్లు గైడు గుడారం తీసుకోవచ్చు. అయితే బయానా ఇవ్వకముందే అలారం ఉందా, కట్టెలు ఎండువేనా, పొగగొట్టానికి నిప్పురవ్వలు ఆపే జాలీ ఉందా, చెప్పిన వేళకు మనం తిరిగి రాకపోతే వెతకడానికి ఎవరు వస్తారు అని అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. జవాబు నాన్చితే మరో సంస్థను చూసుకోండి. అలారం మాత్రం ఎవరు ఏం చెప్పినా మీదే ఒకటి వెంట తీసుకెళ్లండి, కొత్త బ్యాటరీ వేసి.