రబ్బరు ల్యాండింగ్ నెట్ తీసుకోండి, దాంతో అంటగట్టే లిప్ గ్రిప్ మాత్రం వద్దు

గాలానికి పడ్డ చేపని నీళ్లలోంచి అందుకునే రబ్బరు ల్యాండింగ్ నెట్, చేప దవడ పట్టుకునే లిప్ గ్రిప్, గాలం తీసే పొడుగు మూతి ప్లయర్, ఈ మూడూ కలిపి "క్యాచ్ అండ్ రిలీజ్ కిట్" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా, అది 1,600 పెట్టి తీసుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఇదే సరుకు నాలుగైదు పేర్లతో తిరుగుతోంది, స్టిక్కరు ఒక్కటే తేడా. రాజోలు చుట్టుపక్కల కాలువల్లో కొర్రమీనుకి, గోదావరి పాయ వశిష్ఠ మీద దిండి నుంచి అంతర్వేది దాకా పండుగప్పకి వాడుతున్నాను. నాలాగా చేపని పట్టి, చూసుకుని, మళ్లీ నీళ్లలోకి పంపేవాళ్ల కోసమే ఈ రివ్యూ. ఇంటికి తీసుకెళ్లి పులుసు పెట్టుకునేవాళ్లకి ఏ నెట్ అయినా ఒకటే, డబ్బులు దండగ చేసుకోకండి.

ముందు నెట్. ఇది నిజంగా బాగుంది. మామూలుగా షాపుల్లో దొరికేది ముడులు వేసి అల్లిన నైలాన్ నెట్. చేప అందులో ఒక్కసారి గింజుకుంటే చాలు, తోక అంచులు చీలికలు పీలికలు అయిపోతాయి, ఒంటి మీద జిగురంతా నెట్‌కే అంటుకుంటుంది. ఆ జిగురుని చాలామంది మురికిలా చూస్తారు గానీ చేపకి బూజూ పుండ్లూ రాకుండా కాపాడేది అదే. చేపల చెరువుల నీళ్లన్నీ వచ్చి కలిసే మన కాలువల్లో జిగురు పోయిన చేపని వదలడమంటే దాన్ని పుండ్లకి అప్పజెప్పడమే. కెనడాలో బ్లూగిల్ అనే చేప మీద రబ్బరు నెట్, ముడుల్లేని నైలాన్, సన్న ముడులది, లావు ముడులది పక్కపక్కన పెట్టి పరీక్షించారు, 2003లో అచ్చయింది ఆ పరిశోధన. ముడులున్న వాటికంటే రబ్బరు నెట్‌లోనూ ముడుల్లేని దాంట్లోనూ దెబ్బలు తక్కువ తగిలాయి. ఈ కిట్‌లో ఉన్నది ఆ రబ్బరు రకమే, అడుగు బల్లపరుపుగా ఉంటుంది, చేప మధ్యకి మడతపడకుండా పొడుగ్గా పడుకుంటుంది.

నాకు ఇంకా నచ్చింది గాలం చిక్కుకోకపోవడం. కప్ప లూర్ (కప్ప ఆకారంలో ఉండే ఉత్తుత్తి ఎర) అయితే ఫర్లేదు గానీ పండుగప్పకి వాడే లూర్లకి మూడు కొనల గాలాలు రెండేసి ఉంటాయి. ఒక గాలం చేప నోట్లో, ఇంకోటి నైలాన్ నెట్‌లో ఇరుక్కుందంటే ఆ చిక్కు తీసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది, మనకి కాదు, చేపకి. ఈ లోపు అది గాలిలోనే కదా ఉండేది. 1992లో వచ్చిన ఒక పరిశోధనలో రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని బాగా అలిసిపోయేలా ఈదించి వదిలేస్తే 12 శాతం చచ్చిపోయాయి. అలాగే అలసిన వాటిని 30 సెకన్లు గాలిలో ఉంచితే 38 శాతం, 60 సెకన్లు ఉంచితే 72 శాతం. అది చన్నీళ్ల చేప, పైగా ల్యాబులో చేసిన పని, మన పండుగప్పకి ఆ అంకెలు అలాగే సరిపోతాయని నేననను. కానీ మన వైపు మే నెలలో నీళ్లు ఎంత కాగిపోయి ఉంటాయో తెలుసు కదా. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా పట్టే నీళ్లు 30 డిగ్రీలకి ఏడున్నరకి దిగిపోతాయి. పోరాడి అలిసిన చేపకి నీళ్లలోనే ఊపిరి సరిగా అందదు, దాన్ని బయట పెట్టి ఫొటోకి నాలుగు పోజులు పెడితే ఇంకేముంది. అందుకే ఈ నెట్‌ని బుట్టలా పైకి ఎత్తకుండా, రింగుని నీళ్ల మట్టానికి ఆనించి పట్టుకుని, గాలం నీళ్లలోనే తీసేయాలి. రబ్బరు కాబట్టి అది కుదురుతుంది. ఎండ ముదిరాక అయితే నేను అసలు రాడ్డే తీయను.

లోపాలు కూడా చెప్పాలి. బరువు. ఆటు మీద నీళ్లు లాగేస్తున్నప్పుడు నెట్ ముంచితే ఒరవడికి చెయ్యి పీక్కుపోతుంది. పడవలోంచి అయితే పిడి పొడవు సరిపోతుంది గానీ ఎత్తైన కాలువ గట్టు మీద నుంచి అందదు, కిందికి దిగాల్సిందే. అంతర్వేది వైపు ఉప్పునీళ్లలో వాడాక పిడి లాక్‌లో ఉన్న స్ప్రింగు తుప్పు పట్టింది. అల్యూమినియం అని రాసి లోపల ఇనప స్ప్రింగు పెట్టడం ఏం తెలివో.

ఇక లిప్ గ్రిప్. దీని మీద నాకు నిజంగా కోపం ఉంది. పండుగప్ప మొప్ప డిప్ప అంచు బ్లేడులా ఉంటుంది, వేలు పెడితే తెగుతుంది, కాబట్టి దవడ పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి, ఒప్పుకుంటాను. కానీ వీళ్లు దానికి తూకం కూడా బిగించి, పెట్టె మీద చేపని నిలువుగా వేలాడదీసిన బొమ్మ వేశారు. అంటే కొన్నవాడు ఏం చేస్తాడు, అదే చేస్తాడు. నాలుగైదు కిలోల చేప ఒళ్లు నీళ్లు మోస్తే నిలబడే ఒళ్లు, దాని బరువంతా రెండు ఇనప ముక్కల మధ్య దవడ పొర మీద వేలాడితే ఏమవుతుంది? ఆస్ట్రేలియాలో సరిగ్గా పండుగప్ప మీదే 2009లో ఈ గ్రిప్‌ల సంగతి చూశారు, దవడ పొరకి చిల్లులు పడ్డాయి. ఈ కిట్‌లోది ఇంకా ఘోరం, చేప తిరిగితే దాంతో పాటు తిరిగే ఏర్పాటే లేదు, అది మెలిక తిరిగిందంటే పొర చిరగాల్సిందే. పోనీ తూకమైనా సరిగ్గా చూపిస్తుందా అంటే, కిలో పంచదార ప్యాకెట్ తగిలిస్తే కిలోం పావు చూపించింది! వాట్సాప్ స్టేటస్‌కి పనికొస్తుందేమో.

బరువు తెలియాలంటే నెట్‌తో సహా తూచి నెట్ బరువు తీసేయండి, లేదా తడిపిన టేపుతో పొడవు కొలవండి. పైకెత్తక తప్పకపోతే ఒక చెయ్యి దవడ దగ్గర, రెండో చెయ్యి పొట్ట కింద, అడ్డంగా, చేతులు ముందే తడుపుకుని. పొడి తువ్వాలుతో పట్టుకునేవాళ్లని చూస్తుంటాను, తర్వాత ఆ తువ్వాలు విప్పి చూడండి, జిగురూ నాలుగు పొలుసులూ దానికే ఉంటాయి. సిమెంటు రేవు మెట్ల మీద పడుకోబెట్టడం అంతకంటే పాపం.

పండుగప్ప విషయంలో ఇంకో మాట. ఇది మగచేపగా పెరిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. మీటరుకి దగ్గరగా ఉన్న చేప దొరికిందంటే అది దాదాపుగా ఆడదే, లక్షల గుడ్లు పెట్టేది. ఏట్లోకి పిల్ల రావాలంటే అదే దిక్కు, వేలాడదీసి ఫొటో దిగాలని మనవాళ్లకి మోజు పుట్టేదీ దాని మీదే.

ప్లయర్ పర్లేదు. నేను దాన్ని ముందు వాడింది గాలం కొన దగ్గరుండే వెనకముల్లు నొక్కేయడానికి, దాంతో గాలం సులువుగా ఊడి వచ్చేస్తుంది. దారం బిగువుగా ఉంచితే చేప తప్పించుకోదు, భయపడకండి. గొంతులోకి మింగేసిన గాలాన్ని మాత్రం ఏ ప్లయర్‌తోనూ కెలకకండి, దారం దగ్గరగా కోసి వదిలేయడమే మేలు.

కొర్రమీను లెక్క వేరు. అది పైకొచ్చి గాలి పీల్చే చేప, కాసేపు బయట ఉన్నా తట్టుకుంటుంది, తేరుకోవాలని బలవంతంగా నీళ్లలో నొక్కిపెట్టకూడదు. పండుగప్పనైతే తల ఒరవడికి ఎదురుగా పెట్టి, తనంతట తను తోకాడించేదాకా ఆనించి పట్టుకోవాలి. ముందుకీ వెనక్కీ ఊపకూడదు, గట్టు మీద నుంచి విసిరేయడం అసలే వద్దు. గుర్రపుడెక్క పక్కన ఎర్రెర్రగా పిల్లల గుంపు నీళ్ల మీద బుడబుడలాడుతుంటే ఆ చుట్టుపక్కల కప్ప లూర్ వేయకండి. కింద కాపలా ఉన్న తల్లో తండ్రో కసిగా వచ్చి కొరుకుతుంది, నిజమే, కానీ దాన్ని గట్టెక్కించిన ఆ కాస్త సేపట్లోనే పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి.

మన గట్ల మీద ఇదంతా చేస్తుంటే చూసేవాళ్ల బాధ వేరే. "అదేంటండీ, బంగారం లాంటి చేప వదిలేస్తున్నారు, మాకిచ్చేయొచ్చు కదండీ, ఆయ్" అని ఒకాయన నిజంగా నొచ్చుకున్నాడు. పుస్తెలమ్మి పులస తినమన్న ఊళ్లలో చేపని వదలడం వింతగానే ఉంటుంది మరి. ఆయనకి ఆ మర్నాడు దొరికిన రూప్‌చంద్ ఇచ్చేశాను. చెరువుల్లోంచి కాలువలో పడ్డ దక్షిణ అమెరికా చేప అది, దాన్ని తిరిగి వదలాల్సిన పని లేదు, వేపుడు చేసుకోవచ్చు. అన్నట్టు కోరింగ మడ అడవుల వైపు ఈ కిట్ పట్టుకుని వెళ్లకండి, అది అభయారణ్యం, వదిలేస్తామన్నా అక్కడ గాలం వేయకూడదు.

నెట్‌కి 5కి 4, ప్లయర్‌కి 3, గ్రిప్‌కి సున్నా. నెట్ ఒక్కటే విడిగా 900కి దొరుకుతోంది, అది తీసుకుని, మామూలు ప్లయర్ హార్డ్‌వేర్ షాపులో కొనుక్కోండి. ఉప్పునీళ్లలో వాడిన రోజు మంచినీళ్లతో కడిగి, లాక్ దగ్గర కాస్త కొబ్బరినూనె వేయండి, స్ప్రింగు మార్పించాక నేనదే చేస్తున్నాను, మళ్లీ పట్టేయలేదు.