క్యాన్సర్ నాలుగో స్టేజ్ అన్నాక: ఆకు మందా, పాలియేటివ్ కేరా?

ఇక నయం కాదని డాక్టర్ చెప్పగానే విశాఖలో చుట్టాలంతా తలో నాటువైద్యుడి అడ్రస్ పట్టుకొస్తారు. ఇటు పాలియేటివ్ కేర్ అంటే జబ్బు నయం చేయకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం.

ఖర్చు: పసరు మందుకి ఎంతవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలీదు. నొప్పికిచ్చే మార్ఫిన్ మాత్రలు చవకే, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అడగండి.

శ్రమ: అటు పథ్యం (అసలే తిండి సయించని మనిషికి!), ఇటు ఓపీ క్యూ.

రిస్క్: బిళ్లగన్నేరు నుంచే విన్‌క్రిస్టీన్ అనే కీమో మందు వచ్చిందన్నది నిజమే, కానీ అది శుద్ధి చేసి మిల్లీగ్రాముల్లో కొలిచి నరంలోకి ఎక్కించేది, ఇంట్లో ఆకులు నూరి తాగితే లోపలికి ఎంత విషం పోతుందో ఎవరూ చెప్పలేరు. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. మార్ఫిన్‌తో మలబద్ధకం, మగత.

నొప్పి, ఆయాసం ఉంటే పాలియేటివ్ కేరే, ఆలస్యం వద్దు. బాధ లేదుగానీ మనసు ఊరుకోవట్లేదంటే అల్లం టీ దాకా సరే. కీమో నడుస్తుంటే మాత్రం డాక్టర్‌కి చూపించకుండా ఏ పొడీ వేయకండి.