టేబుల్ మీది చిన్న ఆంప్: నాలుగు నెలల వాడకం తర్వాత

తిరుపతి బైరాగిపట్టెడలో మాది పది బై పది గది. కంప్యూటర్ పక్కన పెట్టుకోవడానికి టీపీఏ3116 చిప్ ఉన్న క్లాస్-డి ఆంప్ (తక్కువ వేడెక్కుతూ స్పీకర్లను మోగించే రకం ఆంప్లిఫయర్) కొన్నాను. అరచేతిలో పట్టేంత డబ్బా. ముందు వైపు వాల్యూమ్, బాస్ నాబ్‌లు, వెనక స్పీకర్ వైర్లు బిగించే టెర్మినల్స్.

డబ్బా మీద వంద వాట్లని రాసి ఉంది. దాన్ని చూసి కొనకండి, అడాప్టర్ ఎన్ని వోల్టులదో చూడండి. నాకు మొదట ఇచ్చింది 12 వోల్టులది. దాంతో 8 ఓమ్స్ స్పీకర్‌కు శబ్దం పగలకుండా వచ్చేది లెక్క ప్రకారం 9 వాట్లే. నాదస్వరం పైస్థాయికి వెళ్లగానే గొంతు చీరుకుపోయేది, డోలు దెబ్బ చప్పబడేది. ఎంత బాధేసిందో! గాంధీ రోడ్డులో వెతికి 24 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్ తెచ్చి పెట్టాక డోలు తోలు మీద కర్ర పడటం, వేళ్లు తగలడం విడివిడిగా వినిపించాయి. ఆ రాత్రి నిద్రపోలేదు.

ఇంకో టెన్షన్, స్పీకర్లలో వచ్చే అనవసరపు శబ్దం. కంప్యూటర్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి తీసుకుంటే మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా కీచుమనేది. యూఎస్‌బీ డీఏసీ (డిజిటల్ సిగ్నల్‌ను కంప్యూటర్ బయట ఆడియోగా మార్చే చిన్న పరికరం) పెట్టాక నాకైతే పోయింది.

బ్లూటూత్ ఉంది, నేను వాడను. బాస్ నాబ్ మాత్రం మధ్యలోనే ఉంచండి. చిన్న గదిలో ఎక్కువ తిప్పితే గోడలే మోగుతాయి.