మన పెరళ్లకు ఏ గడ్డి మిషన్? తోసుకుంటూ నడిపే లాన్ మోవర్ల మంచీ చెడూ

విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లలో పచ్చిక ఉందంటే చాలావరకు అది 2 నుంచి 5 సెంట్ల లోపే. ఇంటి ముందు కార్పెట్ గడ్డి, ప్రహరీ పక్కన గరిక, నీళ్లు నిలిచే మూల తుంగ, మధ్యలో ఒకటో రెండో కొబ్బరి చెట్లు. అందరూ మోవర్ కొనేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఇంజన్ ఎన్ని సీసీలని. అడగాల్సినవి వేరే రెండున్నాయి: మీ గడ్డిలో ఏమేం రాలి పడుంటాయి, మిషన్ ఆగిపోతే ఊళ్లో బాగుచేసేదెవరు?

ఏడాదిగా వదిలేసిన పెరడు, మోకాలెత్తు గడ్డి, మధ్యలో వయ్యారిభామ ఉంటే మోవర్ ఆలోచన పక్కన పెట్టండి. బ్రష్ కట్టర్ (భుజాన తగిలించుకుని గడ్డి కొట్టే మిషన్) ఉన్న మనిషిని పిలిచి ఒకసారి కొట్టించి, రాళ్లు ఏరి, గుంటలు పూడ్చాక అప్పుడు చూసుకోవచ్చు. మోవర్ ఉన్నది కోసిన పచ్చికను అలాగే ఉంచడానికి. అడవిని నరకడానికి కాదు.

రెండు సెంట్లకు మించని, చదునైన, కార్పెట్ గడ్డి మాత్రమే ఉన్న పచ్చికకు చేతి మోవర్ చాలు. ఫాల్కన్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. తోస్తుంటే చక్రాలతో పాటు బ్లేళ్ల రీలు తిరిగి, కింద కదలకుండా ఉన్న పట్టీకి ఆనుకుని గడ్డిని తెంపుతుంది. అన్ని రకాల్లోకీ కోత శుభ్రంగా ఉండేది దీనిదే. కానీ తుంగ కాడలు దీనికి లొంగవు. రీలు కింద వంగిపోయి, మిషన్ దాటగానే మళ్లీ నిలబడతాయి. గడ్డి మూడంగుళాలు దాటినా ఇదే తంతు.

చేతి మోవర్‌ను షాపులోనే పరీక్షించవచ్చు. రీలుకీ పట్టీకీ మధ్య న్యూస్‌పేపర్ ముక్క పెట్టి, వేళ్లు దూరంగా ఉంచి, చక్రాన్ని మెల్లగా తిప్పండి. పేపరు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఎక్కడ పెట్టినా తెగాలి. మడతపడి జారిపోతే సందు ఎక్కువైనట్టు. రెండు వైపులా ఉండే స్క్రూలను ఒక్కోసారి పావు చుట్టుకు మించకుండా, సమంగా బిగించాలి. ఒకవైపే బిగిస్తే ఆ వైపు రాసుకుని తోయడం బరువవుతుంది, రెండోవైపు గడ్డి చారలు చారలుగా మిగులుతుంది. ఉద్దానం వైపు, కవిటి, సోంపేటల్లోని ఇసుక నేలల్లో పట్టీ త్వరగా మొద్దుబారుతుంది. మెకానిక్‌లు వాల్వులకు వాడే గ్రైండింగ్ పేస్టు బ్లేళ్లకు రాసి, రీలును వెనక్కి తిప్పితే అంచు మళ్లీ వస్తుంది. పేస్టు పూర్తిగా కడిగేయాలి, లేదంటే అదే అరగదీస్తుంది.

మూడు నుంచి ఏడెనిమిది సెంట్లకు మా ఓటు వైరున్న కరెంటు మోవర్‌కే. బాష్ ఏఆర్ఎం 32 ఈ తరగతికి మంచి ఉదాహరణ: 1200 వాట్లు, 32 సెంటీమీటర్ల కోత, 20, 40, 60 మిల్లీమీటర్ల మూడు ఎత్తులు, 31 లీటర్ల గడ్డి పెట్టె. మూడు సెంట్లంటే సుమారు 121 చదరపు మీటర్లు. వరసలు కొంచెం ఒకదానిమీదొకటి పడేలా కోస్తే దాదాపు 450 మీటర్ల నడక, అంటే అరగంట లోపు పని. వానాకాలంలో మాత్రం పెట్టె ఇట్టే నిండిపోయి, ఖాళీ చేయడానికే సగం టైమ్ పోతుంది. డెక్కు, అంటే బ్లేడును పైనుంచి కప్పే తొడుగు, ప్లాస్టిక్‌ది కాబట్టి సముద్రం గాలికి తుప్పు బాధ లేదు. కళింగపట్నం, బారువ వైపు ఉండేవాళ్లకు ఇది చిన్న లాభం కాదు.

ఈ రకంలో చెడేది మిషన్ కంటే ముందు వైరు. 1200 వాట్ల మోటారు 230 వోల్టుల దగ్గర 5 ఆంపియర్ల పైనే లాగుతుంది. దీపావళి సీరియల్ లైట్లకు వాడే సన్న ఎక్స్‌టెన్షన్ పెడితే వోల్టేజీ పడిపోయి, మోటారు నీరసంగా తిరిగి వేడెక్కుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 30 మీటర్లు, 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి. డ్రమ్ముకు చుట్టిన వైరును పూర్తిగా విప్పాకే వాడాలి, చుట్ట మీదే ఉంటే లోపల వేడికి తొడుగు కరుగుతుంది. లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్, తప్పనిసరి. ప్లగ్గు ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి దూరంగా కోసుకుంటూ పోతే, వైరు ఎప్పుడూ కోసేసిన గడ్డి మీదే ఉంటుంది.

పది సెంట్లు దాటిన తోటలకు, అద్దె బంగళాలకు, స్కూలు ఆవరణలకు పెట్రోలు మోవర్. 160 సీసీ దగ్గరి ఫోర్ స్ట్రోక్ ఇంజన్, 18 లేదా 19 అంగుళాల కోత సరిపోతాయి. హోండా జీఎక్స్‌వీ160 ఇంజన్ 163 సీసీ, 0.65 లీటరు ఆయిల్ పడుతుంది. ఆయిల్ పెట్రోల్లో కలపకూడదు, విడిగా పోయాలి. బ్రష్ కట్టర్ అలవాటుతో పెట్రోల్లో టూ స్ట్రోక్ ఆయిల్ కలిపేసి, ఇంజన్‌లో చుక్క ఆయిల్ లేకుండా తాడు లాగేవాళ్లు ఎంతమందో!

బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా చిన్న ఇంజన్ల మాన్యువళ్లలో 10 శాతం వరకే అని ఉంటుంది. వారం వారం కోసేవాళ్లకు పెద్దగా తేడా తెలియదు. డిసెంబరు తర్వాత గడ్డి పెరగడం తగ్గి, మిషన్ రెండు నెలలు మూలనపడినప్పుడే సమస్య. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, పెట్రోలు కార్బొరేటర్‌లో జిగురుగా మారి, పెట్రోలు వచ్చే సన్న రంధ్రం (జెట్) మూసుకుపోతుంది. పక్కన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడపండి.

డెక్కు కింద కడగడానికి వంచేటప్పుడు ముందు స్పార్క్ ప్లగ్గు క్యాప్ లాగేయాలి. వంచాక ఎయిర్ ఫిల్టరు పైవైపుకు ఉండాలి. తప్పు వైపు వంచితే ఇంజన్ ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టరులోకి దిగి, తర్వాత స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ చిమ్ముతుంది.

కొబ్బరి చెట్లున్న పెరట్లో ఇంకో ప్రమాదం ఉంది. గడ్డిలో దాగిన మట్ట మొదలుకో, టెంకకో, రాయికో బ్లేడు ఠక్కున తగిలితే ఫ్లైవీల్‌ను (ఇంజన్ పైన తిరిగే బరువు చక్రం) ఇరుసుకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, కీ, తెగుతుంది. అది తెగితే స్పార్క్ వేళ తప్పి ఇంజన్ అందుకోదు, తాడు ఎదురు కొడుతుంది. కార్బొరేటర్ విప్పేముందు ఆ కీ చూడమని మెకానిక్‌కు చెప్పండి. కొత్త కీ వేశాక కూడా మిషన్ గజగజలాడితే క్రాంకు (బ్లేడును తిప్పే ఇంజన్ ఇరుసు) వంగినట్టే, అది పెద్ద ఖర్చు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ లాంటి తుపాను గాలుల తర్వాతైతే పెంకు ముక్కలు, రేకుల మేకులు ఎక్కడ పడుంటాయో తెలియదు. పెరడంతా ఒకసారి కాలినడకన వెతికి ఏరాకే మిషన్ దించాలి, బూట్లతో. పాముల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

తోయకుండానే ముందుకు నడిచే సెల్ఫ్ ప్రొపెల్డ్ మోడళ్లు మన సైజు పెరళ్లకు దండగ: మలుపులే ఎక్కువ, కేబుల్, గేర్ అదనపు తద్దినం. బ్యాటరీ మోవర్లు వైరు బాధ లేకుండా హాయిగా ఉంటాయి గానీ, తడి గరికలో చార్జింగ్ త్వరగా దిగుతుంది, బ్యాటరీ మార్చాల్సి వస్తే మిషన్ ధరలో పెద్ద వాటా దానికే పోతుంది.

బ్లేడు పదును పోయిందని గడ్డే చెబుతుంది: కోసిన మర్నాటికి కొసలు చీలి తెల్లబడతాయి. తిరిగే బ్లేడుకు రెండు చివర్లలోనే పదును ఉంటుంది. ఉన్న ఏటవాలునే, దాదాపు 30 డిగ్రీలు, ఆకురాయితో రాయాలి. తర్వాత మధ్య రంధ్రంతో గోడ మేకుకు తగిలిస్తే బరువున్న వైపు కిందికి వాలుతుంది. ఆ వైపే ఇంకొంచెం రాసి సమం చేయాలి. ఇది వదిలేస్తే అదురుకు నట్లు వదులై, ఆయిల్ సీలు పోతుంది.

మన రెండు ఊళ్లలోనూ కార్బొరేటర్, ప్లగ్గు పని చేసే మెకానిక్‌లకు కొదవలేదు. దొరకనివి బ్లేడు, బ్లేడు పట్టే హబ్, గడ్డి పెట్టె క్లిప్పులు. కొనే రోజే ఒక బ్లేడు అదనంగా తీసుకోండి, హబ్ పార్ట్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. విశాఖకో ఆన్‌లైన్‌కో ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ నంబరు లేకపోతే వచ్చేది వేరే మోడల్‌దే.